ట్రంకుపెట్టెలో ఆస్ట్రేలియా చీటీ

నడుం నొప్పి రాని రైతు ఎవరైనా ఉంటారా? వంగి కలుపు తీయాలి. బస్తా భుజానికెత్తుకోవాలి. కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు మోటారు దగ్గరికి పరుగెత్తాలి. అందుకే మా మేనమామ ‘నడుం పట్టేసిందిరా’ అన్నప్పుడు ఇంట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 2016లో సంక్రాంతి వెళ్లిన పదిరోజులకు మొదలైందది. మిరప కోతల రోజులు. ‘టిక్కీ ఎత్తేటప్పుడు కలుక్కుమంది’ అన్నాడు. అత్త రాత్రిపూట బామ్ రాసి, ఉప్పు మూటతో కాపడం పెట్టింది. ఊళ్లో ఆరెంపీ డాక్టరు ఒక సూది వేసి, నాలుగు నొప్పి మాత్రలు చేతిలో పెట్టాడు. రెండు రోజులు హాయిగా ఉంది. మూడోరోజు మళ్లీ మామూలే.

అలా నాలుగు నెలలు గడిచాయి. మధ్యలో ఎవరో చెప్పారని కట్టు కట్టే నాటువైద్యుడి దగ్గరికీ వెళ్లొచ్చారు. పరుపు తీసేసి చెక్కబల్ల మీద పడుకోమన్నారు. అదీ అయింది.

ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే అన్నీ కనిపిస్తాయి. పనివల్ల వచ్చిన నడుం నొప్పి పడుకుంటే తగ్గాలి. మావయ్యకు పడుకుంటేనే ఎక్కువయ్యేది. అర్ధరాత్రి లేచి వరండాలో అటూ ఇటూ తిరిగేవాడు. చొక్కాలు వదులయ్యాయి. ‘ఎండలకి చిక్కాడు’ అనుకున్నాం. కంచంలో అన్నం సగం వదిలేసేవాడు. ‘నొప్పితో తినబుద్ధి కావట్లేదు పాపం’ అనుకున్నాం. ప్రతిదానికీ మా దగ్గర ఒక సమాధానం ఉండేది.

మే నెలలో గుంటూరు తీసుకెళ్తే ఎముకల డాక్టరు ఎక్స్‌రేని వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశారు. నడుం పూసల్లో ఒకటి చెద తిన్న వాసంలా ఉంది. మొదట టీబీ కావచ్చన్నారు. మన దేశంలో వెన్నుపూసకు టీబీ రావడం కొత్తేమీ కాదు. ఎమ్మారై తీశాక మాత్రం ‘ఇది టీబీలా లేదు. ఇంకెక్కడినుంచో వచ్చి ఇక్కడ చేరింది’ అన్నారు. ఆ ‘ఇంకెక్కడో’ ఎక్కడా అని వెతుకుతూ పొట్ట స్కానింగు చేస్తే కాలేయంలో 8 సెంటీమీటర్ల గడ్డ కనిపించింది. రక్తపరీక్షలో హెపటైటిస్-బి పాజిటివ్ అని వచ్చింది. కాలేయ క్యాన్సర్ వెన్నెముకకు పాకిందన్నారు.

అప్పుడు మావయ్యకు 51 ఏళ్లు. మందు అలవాటు లేదు. ‘తాగనివాడికి లివరు చెడటమేంటి?’ అని వచ్చినవాళ్లందరూ అడగడమే.

అత్త మాత్రం వేరే మాట అడిగింది. ‘హెపటైటిస్ అంటే... ఆ ఆస్ట్రేలియా రోగమేనా?’

మాకెవరికీ అర్థం కాలేదు. ఇంటికొచ్చాక అత్త ట్రంకుపెట్టె తెరిచి, పొలం కాగితాల అడుగునుంచి మడత పెట్టిన చీటీ ఒకటి తీసింది. 1996 నాటిది. ఆ ఏడాది అత్తకు ఆపరేషన్ అయితే రక్తం ఇవ్వడానికి మావయ్య ముందుకొచ్చాడు. పరీక్ష చేసి, ఆయన రక్తం పనికిరాదన్నారు. చేతికో చీటీ ఇచ్చారు. దానిమీద ‘ఆస్ట్రేలియా యాంటిజెన్: పాజిటివ్’ అని రాసి ఉంది. అంతే. అదేమిటో, ఏం చేయాలో చెప్పినవారు లేరు. ‘ఒంట్లో ఆస్ట్రేలియా ఉందట’ అని మావయ్య నవ్వుతూ అందరికీ చెప్పుకునేవాడు. క్రికెట్ మ్యాచ్ వచ్చినప్పుడల్లా ఇంట్లో అదో హాస్యం. ఆ తర్వాత చీటీ పెట్టెలోకి వెళ్లింది. ఇరవై ఏళ్లు అక్కడే ఉంది.

ఈ వారం చెప్పాలనుకున్నది ఆ చీటీ గురించే.

పేరు వెనక కథ

అమెరికా శాస్త్రవేత్త బరూచ్ బ్లూమ్‌బర్గ్ 1960లలో ప్రపంచంలోని రకరకాల జాతుల రక్త నమూనాలు పరిశీలిస్తూ, ఆస్ట్రేలియా ఆదివాసి ఒకరి రక్తంలో అంతవరకూ ఎరగని ప్రొటీన్ ఒకటి చూశాడు. దానికే ఆస్ట్రేలియా యాంటిజెన్ అని పేరు పెట్టాడు. అది కామెర్లకు కారణమయ్యే ఒక వైరస్ పైపొర అని తర్వాత తేలింది. ఆ వైరసే హెపటైటిస్-బి. ఈ పనికి బ్లూమ్‌బర్గ్‌కు 1976లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన పుట్టినరోజైన జులై 28నే ప్రపంచ హెపటైటిస్ దినంగా జరుపుతున్నారు. ఇప్పుడు రిపోర్టుల్లో ‘హెచ్‌బీఎస్ఏజీ’ అని రాస్తున్నారుగానీ మన దగ్గర పాత చీటీల్లో ‘ఆస్ట్రేలియా’ అనే ఉండేది. ఆ పేరే మా ఇంట్లో రోగాన్ని హాస్యం చేసేసింది.

పెద్దయ్యాక ఈ వైరస్ ఒంట్లోకి వస్తే నూటికి 95 మందికి పైగా ఆర్నెల్లలో దాన్ని తరిమేస్తారు. పుట్టేటప్పుడు తల్లినుంచి బిడ్డకు వస్తే లెక్క తారుమారవుతుంది. నూటికి 90 మంది పిల్లల్లో అది జీవితాంతం ఉండిపోతుంది. పసివాడి ఒంటికి అది శత్రువని తెలియదు కాబట్టి పోట్లాట ఉండదు. పోట్లాట లేదు కాబట్టి జ్వరమూ ఉండదు, కామెర్లూ ఉండవు. మనిషి బడికెళ్తాడు, పెళ్లి చేసుకుంటాడు, పొలం దున్నుతాడు. వైరస్ మాత్రం కాలేయ కణాల్లో తన పని తాను చేసుకుపోతుంటుంది.

ఆ పని ఎక్కడికి దారితీస్తుందో తైవాన్‌లో ఒక పెద్ద అధ్యయనం తేల్చిచెప్పింది. 1981లో వెలువడిన ఆ పరిశోధనలో 22,707 మంది మగ ఉద్యోగులను ఏళ్లతరబడి గమనించారు. వారిలో కాలేయ క్యాన్సర్‌తో చనిపోయినవారు 41 మంది. ఆ 41 మందిలో 40 మంది రక్తంలో ఈ ‘ఆస్ట్రేలియా’ ఉంది. వైరస్ ఉన్నవారికి ఈ క్యాన్సర్ ముప్పు లేనివారికంటే రెండొందల రెట్లకు పైగా ఎక్కువని లెక్క తేలింది.

హెపటైటిస్-సి దారి కాస్త వేరు. అది ఎక్కువగా కాలేయాన్ని ముందు గట్టిపరుస్తుంది. సిర్రోసిస్ అనే ఆ దశ దాటాకే క్యాన్సర్‌కు దారితీస్తుంది. బి వైరస్‌కు ఆ మెట్టు కూడా అక్కర్లేదు. అది తన జన్యుపదార్థాన్ని మన కణాల జన్యువుల్లోకి చొప్పించగలదు. అందుకే కాలేయం గట్టిపడకుండానే, పైకి అంతా బాగున్నట్టు కనిపిస్తుండగానే గడ్డ మొలవచ్చు. దీనికి తోడు బూజుపట్టిన వేరుశనగల్లో, మొక్కజొన్నల్లో పుట్టే అఫ్లాటాక్సిన్ విషం కూడా ఒంట్లోకి చేరితే ముప్పు ఇంకా పెరుగుతుంది. మద్యం, స్థూలకాయం, మధుమేహం కూడా ఆ జట్టులోవే.

నడుం దాకా ఎలా వచ్చింది?

కాలేయం లోపల నొప్పి తెలిపే నరాలు లేవు. పైనున్న పొర సాగితేనే మనకు బరువుగానో, పోటుగానో తెలుస్తుంది. అందుకే గడ్డ నిమ్మకాయంత అయినా, బత్తాయంత అయినా మనిషికి తెలియకపోవచ్చు. కాలేయంలో కొంత భాగం పాడైనా మిగిలింది పని లాక్కొచ్చేస్తుంది. అలా పుట్టినచోట చప్పుడు చేయని జబ్బు, వలసపోయిన చోట కేక పెడుతుంది.

కాలేయ క్యాన్సర్ బయటికి పాకినప్పుడు ఎక్కువగా చేరేది ఊపిరితిత్తులకు. తర్వాత లింఫు గ్రంథులు, ఎముకలు, అడ్రినల్ గ్రంథులు. ఎముకల్లో వెన్నుపూసలు, కటి ఎముకలు, పక్కటెముకలు ముందుంటాయి. వెన్నెముకే ఎందుకంటే దాని చుట్టూ ఒక ప్రత్యేకమైన సిరల వల ఉంది. కాళ్లల్లోని సిరలకు రక్తం వెనక్కి పోకుండా కవాటాలుంటాయి. వెన్నెముక చుట్టూ ఉన్న ఈ సిరలకు అవి లేవు. దగ్గినా, ముక్కినా, బరువెత్తినా పొట్టలో ఒత్తిడి పెరిగి రక్తం ఎటైనా పారవచ్చు. అమెరికా వైద్యుడు ఆస్కార్ బాట్సన్ 1940లోనే ఈ సంగతి వివరించాడు. కాలువకు తూము తలుపు లేకపోతే నీళ్లు ఎటు పల్లమైతే అటు పోతాయి చూడండి, ఇదీ అంతే. గడ్డనుంచి తెగిన కణాలు ఆ నీళ్లలో పడి పూస దాకా పోతాయి. ఊపిరితిత్తులు దాటి మామూలు రక్తప్రవాహంలో చేరే కణాలూ ఉంటాయి.

ఎముకలో పడ్డ కణాలు అక్కడ కట్టేవారి కంటే కూల్చేవారి పని పెంచుతాయి. ఎముక రోజూ కాస్త అరుగుతూ, కాస్త పూడుతూ ఉంటుంది. క్యాన్సర్ కణాలు అరుగుదలను ఎగదోస్తాయి. పూస బోలుగా మారుతుంది. ఎక్స్‌రేలో చెద తిన్నట్టు కనిపించేది అదే. కాలేయం నుంచి వచ్చిన గడ్డల్లో రక్తనాళాలు విపరీతంగా ఉంటాయి కాబట్టి ముక్క తీసి పరీక్ష చేసేటప్పుడు కూడా రక్తం కారకుండా డాక్టర్లు ఎంతో జాగ్రత్త పడతారు.

మామూలు నడుం నొప్పికీ దీనికీ తేడా కొన్నిచోట్ల పట్టుకోవచ్చు. పడుకున్నా తగ్గకపోవడం, రాత్రి నిద్రలోంచి లేపడం, ఒకే పూస మీద వేలు పెడితే ప్రాణం పోయినట్టుండటం, వారం వారం పెరగడం, దాంతోపాటు బరువు తగ్గడం. వీటిలో ఏదున్నా, ముఖ్యంగా ఇంతకుముందు హెపటైటిస్ ఉందని తెలిసినవారికి ఏదున్నా, బామ్‌తో కాలక్షేపం చేయకూడదు. కాళ్లు బరువెక్కినా, తిమ్మిరెక్కినా, మూత్రం ఆగిపోయినా లేక తెలియకుండా పోయినా అది ఆ పూటకు ఆ పూటే ఆసుపత్రికి వెళ్లాల్సిన సంగతి. వెన్నుపాము నలుగుతోందని అర్థం. ఒక్కరోజు ఆలస్యమైనా మళ్లీ నడవలేకపోవచ్చు.

నొప్పి మాత్రలతో ముప్పు

మాకు తర్వాత తెలిసిన ఇంకో సంగతి. ఆ నాలుగు నెలలూ మావయ్య మింగిన మాత్రలే ఆయనకు హాని చేశాయి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు కాలేయం గట్టిపడినవారి కిడ్నీలను దెబ్బతీస్తాయి. పొట్టలో నీరు పెంచుతాయి. కడుపులో రక్తస్రావానికి దారితీస్తాయి. ఆసుపత్రిలో చేరేనాటికే ఆయన కాళ్లకు వాపు, రక్తంలో క్రియాటినిన్ పెరుగుదల ఉన్నాయి. కాలేయ రోగికి నొప్పి మాత్ర కావాలంటే డాక్టరు చెప్పిన మోతాదులో పారాసిటమాలే మేలు. అదీ సాధారణంగా రోజుకు 2 గ్రాములు మించకుండా చూస్తారు.

పసర్ల గురించీ ఓ మాట. కామెర్లంటే మనకు ముందు గుర్తొచ్చేది ఆకుపసరు. అది తాగితే తగ్గిందని చెప్పేవాళ్లు ప్రతి ఊళ్లో ఉంటారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. కలుషితమైన నీళ్లతో, తిండితో వచ్చే హెపటైటిస్-ఎ, ఇ చాలామందిలో వాటంతటవే తగ్గిపోతాయి. పేరు పసరుకొస్తుంది. నేల ఉసిరిని హెపటైటిస్-బి మీద శాస్త్రీయంగా పరీక్షించినవారూ లేకపోలేదు. 1988లో మద్రాసు పరిశోధకులు బ్లూమ్‌బర్గ్‌తో కలిసి ప్రచురించిన ఫలితాలు ఆశ పుట్టించాయి. తర్వాత వేరేచోట్ల చేసిన పరీక్షల్లో అవి నిలబడలేదు. పసరు తాగాక కళ్ల పచ్చదనం పోయిందంటే వైరస్ పోయిందని కాదు. అది తేల్చేది రక్తపరీక్ష ఒక్కటే.

మావయ్య నిద్రపోయిన రాత్రి

కాలేయ క్యాన్సర్ ఎముక దాకా వచ్చాక నయమవుతుందని ఏ డాక్టరూ చెప్పలేరు. మిగిలిన కాలాన్ని సాధారణంగా నెలల్లోనే లెక్కిస్తారు. అంతమాత్రాన చేయడానికేమీ లేదనుకుంటే పొరపాటు. చాలా ఉంది. మాకూ అప్పటిదాకా తెలియదు.

మొదట రేడియేషన్ ఇచ్చారు. రోజుల తరబడి కాదు, ఒక్కసారే. పూస మీద గురిపెట్టి 8 గ్రే మోతాదు. ఎముక నొప్పికి చాలామందిలో ఒక్క దఫా కూడా పలు దఫాలంత బాగా పనిచేస్తుందని అధ్యయనాలు తేల్చాయి. మావయ్యకు పదిరోజులకు గుణం కనిపించింది. పన్నెండో రోజు రాత్రి ఆయన లేవలేదు. వరండాలో అడుగుల చప్పుడు వినపడకపోయేసరికి అత్త భయపడి వెళ్లి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. గురక పెడుతున్నాడు. నాలుగున్నర నెలల తర్వాత ఆయన తెల్లవార్లూ నిద్రపోయిన మొదటి రాత్రి అది. అత్త మాత్రం మంచం పక్కనే కూచుని తెల్లారేదాకా మేలుకుంది.

మిగిలిన నొప్పికి మార్ఫిన్ ఇచ్చారు. మార్ఫిన్ అనగానే ఇంట్లో సగంమంది ‘మత్తుమందు కదా, అలవాటు పడిపోతాడేమో’ అన్నారు. క్యాన్సర్ నొప్పికి డాక్టరు లెక్కకట్టి ఇచ్చే మార్ఫిన్‌తో ఆ భయం అక్కర్లేదు. కాలేయ రోగికి తక్కువ మోతాదుతో మొదలుపెడతారు. మలబద్ధకం రాకుండా లాక్ట్యులోజ్ తాగిస్తారు. విరేచనం ఆగితే మలినాలు రక్తంలో చేరి మనిషి తికమకపడే ప్రమాదం ఉంది కాబట్టి. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వల్ల చాలాకాలం ఆసుపత్రులు మార్ఫిన్ నిల్వ పెట్టడానికే జంకేవి. 2014లో చట్టాన్ని సవరించి నిబంధనలు సడలించారు. హైదరాబాదు రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రిలో నొప్పి తగ్గించే ఈ పాలియేటివ్ వైద్యానికి ప్రత్యేక విభాగం ఉంది. తెలంగాణలో జిల్లా కేంద్రాలకూ దీన్ని విస్తరించారు. నొప్పితో మూలుగుతున్నవారిని ఇంటికి తీసుకెళ్లిపొమ్మంటే, వెళ్లేముందు ఈ వైద్యం ఎక్కడ దొరుకుతుందో అడిగి తెలుసుకోవాలి.

క్యాన్సర్ మీద పనిచేసే మాత్ర సొరాఫెనిబ్ కూడా వాడారు. ఈ మాత్రకు మన హైదరాబాదుతో సంబంధం ఉంది. విదేశీ కంపెనీ దీన్ని నెలకు 2.8 లక్షల రూపాయలకు అమ్మేది. 2012 మార్చిలో భారత ప్రభుత్వ పేటెంట్ల కార్యాలయం తప్పనిసరి లైసెన్సు కింద దాన్ని తయారుచేసుకునే హక్కును హైదరాబాదుకు చెందిన నాట్కో కంపెనీకి ఇచ్చింది. దేశంలో అలాంటి లైసెన్సు అదే మొదటిది. నెలకు 9 వేల రూపాయల లోపే అమ్మాలని షరతు పెట్టారు. లేకపోతే మావయ్య లాంటివాళ్లు ఆ మాత్ర పేరు కూడా వినుండేవారు కాదు. దాంతో అరచేతులు పొట్టు లేచాయి. ‘ముప్పై ఏళ్లు పార పట్టినా లేవని చర్మం ఇప్పుడు లేచింది చూడరా’ అని నాకు చూపించాడు. 2020 నుంచి ఇంతకంటే మెరుగైన మందులొచ్చాయి. అటెజోలిజుమాబ్, బెవాసిజుమాబ్ కలిపి ఇచ్చిన పరీక్షలో రోగుల సగటు ఆయుష్షు సొరాఫెనిబ్‌తో 13.4 నెలలుంటే వీటితో 19.2 నెలలుంది. ఎముకలు విరగకుండా జోలెడ్రోనిక్ ఆమ్లం, డెనోసుమాబ్ లాంటి ఇంజెక్షన్లూ ఉన్నాయి.

మావయ్య ఇంకో ఏడు నెలలు బతికాడు. అందులో ఐదు నెలలు తన పనులు తాను చేసుకున్నాడు. నడుంకు బెల్టు పెట్టుకుని, బండి వెనక కూచుని పొలానికెళ్లి గట్టుమీద నిలబడి వచ్చేవాడు. ఒకరోజు నన్ను పిలిచి, ‘ఏరా, పేపర్లో రాస్తావుగా. ఆ చీటీకి అర్థం అప్పుడే ఎవరన్నా చెప్పుంటే ఏం చేసేవాళ్లంరా?’ అని అడిగాడు. నేనేమీ చెప్పలేకపోయాను. డిసెంబరులో ఆయన పోయాడు.

అప్పుడే తెలిసుంటే

ఆ ప్రశ్నకు జవాబు ఇప్పుడు రాస్తున్నాను.

1996 తర్వాతి ఏడాదే, అంటే 1997లో, హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ మన దేశంలోనే మొట్టమొదటిసారిగా జన్యు పరిజ్ఞానంతో హెపటైటిస్-బి టీకా తయారుచేసింది. వరప్రసాదరెడ్డి తన తల్లి పేరు మీద పెట్టిన సంస్థ అది. అప్పటిదాకా విదేశాలనుంచి వచ్చే టీకా మధ్యతరగతికీ భారంగానే ఉండేది. దీంతో ధర దిగొచ్చింది. ఆ రోజుల్లో ఊరూరా టీకా శిబిరాలు పెట్టేవారు, గుర్తుండే ఉంటుంది. మావయ్య పిల్లలిద్దరికీ బళ్లో పెట్టిన అలాంటి శిబిరంలోనే మూడు డోసులు పడ్డాయి. తమ ఇంట్లోనే ఆ వైరస్ ఉందని తెలియకుండానే వాళ్లు తప్పించుకున్నారు.

టీకా వైరస్ ఉన్నవారికి పనిచేయదు. వారికి మందులున్నాయి. టెనోఫోవిర్, ఎంటెకావిర్ అనే రోజుకో మాత్ర వైరస్‌ను అణచిపెడుతుంది. పూర్తిగా తుడిచిపెట్టదుగానీ కాలేయం గట్టిపడటాన్ని, క్యాన్సర్ ముప్పును బాగా తగ్గిస్తుంది. అందరికీ వెంటనే మాత్ర అవసరం రాకపోవచ్చు. వైరస్ ఎంతుంది, కాలేయం ఎలా ఉందన్నది చూసి డాక్టరు నిర్ణయిస్తారు. మొదలుపెట్టాక మాత్రం బాగుంది కదా అని మధ్యలో మానేయకూడదు. వైరస్ ఒక్కసారిగా విజృంభించవచ్చు. హెపటైటిస్-సి అయితే ఇంకా మేలు. 12 వారాల మాత్రలతో నూటికి 95 మందికి పూర్తిగా నయమవుతుంది. 2015లో ఆ మందు చవగ్గా తెచ్చిన కంపెనీల్లోనూ మన హైదరాబాదువి ఉన్నాయి.

మూడోది, ఆర్నెల్లకోసారి కాలేయానికి అల్ట్రాసౌండ్ స్కానింగు, దాంతోపాటు ఏఎఫ్‌పీ అనే రక్తపరీక్ష. చైనాలోని షాంఘైలో దాదాపు 19 వేల మంది మీద చేసిన అధ్యయనం ఫలితాలు 2004లో వచ్చాయి. ఇలా ఆర్నెల్లకోసారి పరీక్ష చేసినవారిలో కాలేయ క్యాన్సర్ మరణాలు 37 శాతం తగ్గాయి. రెండు సెంటీమీటర్లప్పుడు దొరికిన గడ్డను కోసి తీసేయొచ్చు, సూదితో కాల్చేయొచ్చు, కొందరికి కాలేయ మార్పిడి చేయొచ్చు. ఎనిమిది సెంటీమీటర్లయి పూసలోకి పాకాక ఈ దారులన్నీ మూసుకుపోతాయి. సిర్రోసిస్ ఉన్నవారందరికీ, హెపటైటిస్-బి ఉండి 40 దాటిన మగవారికి, 50 దాటిన ఆడవారికి, ఇంట్లో ఎవరికైనా కాలేయ క్యాన్సర్ వచ్చినవారికి ఈ పరీక్ష తప్పనిసరి.

అంటే టీకా హైదరాబాదులోనే తయారైంది. చివరిదశలో వేసుకునే మాత్రా హైదరాబాదులోనే తయారైంది. మధ్యలో మావయ్యకు దొరకనిదల్లా, చీటీ చదివి అర్థం చెప్పే మనిషి ఒక్కడే.

అమ్మ వంతు

మావయ్యకు జబ్బు తేలినప్పుడు డాక్టరు ఒక మాట అడిగారు. ‘ఈయన తోబుట్టువులు ఎంతమంది?’ మా అమ్మ ఒక్కతే, ఆయనకు అక్క. ‘ఆమెకూ, ఇంట్లో అందరికీ పరీక్ష చేయించండి’ అన్నారు.

అత్తకు ఎప్పుడో వైరస్ వచ్చి, తనంతట తానే పోయిన గుర్తులు కనిపించాయి. పిల్లలకు లేదు. మా అమ్మకు పాజిటివ్. తోబుట్టువులిద్దరికీ ఉందంటే అమ్మమ్మనుంచి వచ్చే అవకాశమే ఎక్కువన్నారు. పరీక్ష చేద్దామన్నా అమ్మమ్మ అప్పటికి లేదు. తర్వాతి పేరు నాది. అమ్మకు నేను పుట్టేటప్పటికే వైరస్ ఉండి ఉంటుంది. అప్పట్లో పుట్టగానే టీకా వేసే పద్ధతి లేదు. నా రిపోర్టు వచ్చేదాకా ఉన్న రెండు రోజులూ ఎలా గడిచాయో చెప్పలేను. నాకు లేదు. అది నా గొప్పేమీ కాదు, అదృష్టం. వెంటనే మూడు డోసుల టీకా వేయించుకున్నాను. నా కూతురు పుట్టినప్పుడు 24 గంటలు నిండకముందే మొదటి డోసు పడింది. మా వంశంలో ఆ టీకా పుట్టినరోజే అందుకున్న మొదటి మనిషి అదే.

ఆ మొదటి డోసు విలువ తైవాన్ వాళ్లకు బాగా తెలుసు. 1984లో వాళ్లు పసిపిల్లలకు ఈ టీకా మొదలుపెట్టారు. పదేళ్లు తిరిగేసరికి 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్లో కాలేయ క్యాన్సర్ సగానికి తగ్గిందని 1997లో ప్రకటించారు. ఒక క్యాన్సర్‌ను టీకాతో ఆపొచ్చని ప్రపంచం చూడటం అదే మొదలు. మన దేశంలో 2002లో కొన్నిచోట్ల ప్రయోగాత్మకంగా మొదలై, 2011 నాటికి అన్ని రాష్ట్రాల పిల్లల టీకాల జాబితాలో చేరింది. తల్లికి వైరస్ ఉంటే బిడ్డకు టీకాతోపాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇంజెక్షన్ కూడా ఇస్తారు. తల్లిలో వైరస్ ఎక్కువుంటే చివరి నెలల్లో ఆమెకు మాత్రలూ ఇస్తారు. గర్భిణులకు ఈ పరీక్ష చేయించడం అందుకే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2022 నాటికి మన దేశంలో హెపటైటిస్-బితో జీవిస్తున్నవారు 2.98 కోట్లు, సితో 55 లక్షలు. రెండూ కలిపితే చైనా తర్వాత స్థానం మనదే. ప్రపంచం మొత్తం మీద బి వైరస్ ఉన్నవారిలో తమకు ఉందని తెలిసినవారు నూటికి 13 మందే. మా మావయ్యకు చీటీ అయినా ఉంది. చాలామందికి అదీ లేదు.

2018 జులై 28న జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లోని నిర్ణీత కేంద్రాల్లో బి, సి రెండింటికీ పరీక్షలు, మందులు ఉచితం. ఒకప్పుడు ఎవరికైనా రక్తమిస్తే ‘పనికిరాదు’ అన్నారా? పెళ్లికి ముందో, ఉద్యోగానికో, ఆపరేషన్‌కో చేసిన పరీక్షలో ఏదో పాజిటివ్ అని వచ్చిందా? ఇంట్లో ఎవరైనా కామెర్లతోనో, పొట్టలో నీరు చేరో పోయారా? అయితే ఆ పాత కాగితం వెతకండి. దొరక్కపోతే కొత్తగా ఒక పరీక్ష చేయించండి. భయపడి దాచుకోవాల్సిన జబ్బు కాదిది. కలిసి తిన్నా, ఒకే గ్లాసులో తాగినా, కౌగిలించుకున్నా రాదు. రక్తం ద్వారా, లైంగిక సంబంధం ద్వారా, కాన్పులో తల్లినుంచి బిడ్డకు వస్తుంది. ఒకరు వాడిన సూది, రేజరు, పచ్చబొట్టు సూది ఇంకొకరికి వాడకుండా చూసుకుంటే చాలు.

మా అమ్మ అప్పటినుంచి రోజూ రాత్రి టెనోఫోవిర్ వేసుకుంటోంది. ఆర్నెల్లకోసారి స్కానింగు. ఇప్పటికి పదిహేను దాటాయి. ఒకసారి ‘చిన్న మచ్చ కనిపిస్తోంది, సీటీ తీద్దాం’ అన్నారు. ఆ వారమంతా ఇంట్లో ఎవరం సరిగ్గా అన్నం తినలేదు. చివరికి అది హిమాంజియోమా, అంటే ప్రమాదం లేని రక్తనాళాల ముడి అని తేలింది. పరీక్షలంటే ఈ భయాలూ ఉంటాయి. వాటిని ఓర్చుకోవాల్సిందే.

ప్రతిసారీ స్కానింగు రోజున అమ్మ ఒకటే గొణుగుతుంది. ‘నాకేం నొప్పి లేదుగదరా, ఇప్పుడెందుకూ?’

నొప్పి లేదు కాబట్టే అమ్మా, అంటాను. పోయినసారి కూడా అదే అంది. అంటూనే వెళ్లి చెప్పులేసుకుంది.